భయపడితే మూసుకునే తలుపులు

సోమవారం

లోతుపేటలో మైకు దగ్గర కూర్చునే మనిషి ఆ రోజు ఊరికి ఏం చెప్పిందో సాయంత్రం రాసిపెట్టాలని పంచాయతీ నియమం. ఇంతవరకు ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అందుకని చింతా నూకరత్నం అనే నేను, నాకు తోచింది తోచినట్టు రాస్తుంటాను.

పొద్దున్నే దీపాలు వెలిగించి ఊరిని లేపాను. అద్దాల కప్పు మీద తాబేళ్ళు పడుకుని వెలుతురుకి అడ్డం వస్తున్నాయని పైవీధి వాళ్ళు నిన్న గొడవ పెట్టారు. అవి మనకంటే ముందు నుంచీ ఈ సముద్రంలో ఉన్నాయి, అద్దె అడగనందుకు సంతోషించండి అని చెప్పాను. నాచు పచ్చడిలో చింతపండు ఎప్పుడు వెయ్యాలో చెప్పాను. అత్తాకోడళ్ళ తగువు ఒకటి చదివి ఇద్దరిదీ తప్పేనని తేల్చాను. ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి నా మీద కోపంగా ఉన్నారు, కాబట్టి తగువు తీరినట్టే.

ఇవన్నీ ఊసుపోక చెప్పే కబుర్లు కావు. ఈ కబుర్లకే నాకు జీతం. నా పక్కన లోవరాజు కూర్చుని, వీధికొకటి చొప్పున గడియారం ముళ్ళలా తిరిగే బెరుకు ముళ్ళు చూస్తుంటాడు. ఊళ్ళో అందరి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. ఏ వీధిలో జనం గుండెలు దడదడలాడినా ఆ వీధి ముల్లు లేస్తుంది. ముల్లు ఎరుపు తాకిందంటే వీధుల మధ్య తలుపు దానంతటదే మూసుకుపోతుంది. సముద్రం అడుగున మనుషులు అంతగా భయపడ్డారంటే నీళ్ళొచ్చినట్టేనని ఊరు కట్టినవాళ్ళ లెక్క. ఆమధ్య ఒక పెళ్ళిలో ఎవరి పంచెలోకో పీత దూరింది. అంతే, పెళ్ళికొడుకు తలుపుకి అటు, పెళ్ళికూతురు ఇటు. ముహూర్తం దాటిపోయాక గానీ తెరుచుకోలేదు.

అందుకే మా ఊళ్ళో నిబ్బరానికి ఉన్న విలువ దేనికీ లేదు. ఏడాది పొడుగునా ఏ వీధి ముల్లు కిందుగా ఉంటే ఆ వీధికి షీల్డు ఇస్తారు. ఇవాళ ఇచ్చారు. మళ్ళీ కిందవీధికే వచ్చింది. ఆ వీధి బడిపంతులు సింహాద్రి మాస్టారు వచ్చి అందుకున్నారు. అందుకుని, "షీల్డులు పెట్టడానికి గోడ చాలట్లేదండి. ఈసారికి షీల్డు బదులు మేం అడుగుతున్న ఆ గాలిగొట్టం ఇప్పించండి" అన్నారు. అందరం నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వలేదు.

మా అమ్మాయి గంగ కూడా కిందవీధిలోనే కాపురం ఉంటోంది. నెలలు నిండాయి. పురుటికి మా ఇంటికి రావే అంటే రాదు. "ఇక్కడ హాయిగా నిద్ర పడతందమ్మా. మీ పైవీధిలో ఇంత నిద్రెక్కడిది" అంటుంది. చిన్నప్పుడు దీన్ని పడుకోబెట్టలేక నాకు నడుం పడిపోయేది.

మంగళవారం

ఇవాళ్టిది మాత్రం ఎవరైనా చదువుతారేమో. జాగ్రత్తగా రాస్తాను.

పొద్దున 'కోరిన కబుర్లు' వేళకి జనం ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. వాళ్ళ మాట ముందు మా గదిలో మా ఇద్దరికే వినపడుతుంది. నచ్చితే ఊరికి వినిపిస్తాను. ఒకావిడ చేపల పులుసు గురించి అడిగి వెళ్ళింది. తర్వాత సింహాద్రి మాస్టారు.

"నమస్కారమండి రత్నంగారు. ముందున్నావిడ మాటలయిపోయాయాండి? తొందరేం లేదు, నేను ఆగుతాను."

"అయిపోయాయి మాస్టారూ, చెప్పండి."

"నేను వలల గదిలో ఉన్నానండి. లోపల గడియ పెట్టుకున్నాను."

వలల గది మా మైకు గది ఉన్న పైవీధిలోనే, చివర ఉంటుంది. వలలు సముద్రంలోకి వదిలే పెద్ద తలుపు అక్కడే ఉంది. దాన్ని ఒక చక్రం తిప్పి తెరుస్తారు. మామూలుగా వీధిలోకి నీళ్ళు రాకుండా ముందు లోపలి తలుపు బిగించి, తర్వాత తెరవాలి.

"లోపలి తలుపు నీళ్ళు ఆపకుండా దాని బిగింపు ఊడదీశానండి. మా వీధికి గాలిగొట్టం వేస్తామని భోజనాల గంటలోపు పంచాయతీ మాటివ్వకపోతే ఈ చక్రం తిప్పేస్తాను. ఈ సంగతి మీరే మైకులో చెప్పాలి. మీరు చెప్తే ఊరు నమ్ముద్ది. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి."

నేను ముందు నవ్వాను. అది నా ఉద్యోగం అలవాటు. లోవరాజు మొహం చూశాక నవ్వు ఆగింది. వాడు అప్పటికే రెండు చేతులూ చాచి పెద్దగా ఆవలిస్తున్నాడు. బెదురు పుడితే ఆవలించాలని మా ఊరి బడిలో నేర్పుతారు. నేనూ ఆవలించి, మళ్ళీ మాట్లాడాను.

"మాస్టారూ, మనుషుల్ని చంపుతారా మీరు?"

"చంపనండి. భయపెడతానంతే."

"ఈ ఊళ్ళో ఆ రెంటికీ తేడా ఎక్కడుంది బాబూ? నేనీ మాట చెప్పగానే ముల్లు లేచి వీధి తలుపు పడుద్ది. మీ వీధికి గాలి ఆ తలుపులోంచే కదా దిగేది. ముందు ఊపిరాడనిది మీవాళ్ళకే."

"తెలుసండి. కాసేపు ఓర్చుకుంటారు. ఏళ్ళ తరబడి ఓర్చుకున్నారు." ఆయన గొంతు బడిలో పాఠం చెప్పినట్టే నెమ్మదిగా ఉంది. "మా పిల్లలు రెండో ఎక్కం చెప్తూ నిద్రపోతారు. పెద్దాళ్ళు అన్నం పళ్ళెం ముందు నిద్రపోతారు. గాలి చాలక వచ్చే మత్తండి అది. మత్తుగా ఉన్నోడికి భయమెలా వేస్తది? దాన్ని మీరు నిబ్బరం అన్నారు. అర్జీ పెట్టిన ప్రతిసారీ షీల్డు ఇచ్చారు. గొట్టం కొట్లోనే ఉంది, సభాభవనం చల్లదనానికని దాచారు. చెప్పండి, ఊపిరి తగ్గించి జనాన్ని నోరెత్తకుండా ఉంచేదాన్ని ఏమంటారు? అది బెదిరింపు కాదా?"

 గంగ నిద్ర గుర్తొచ్చింది. హాయిగా పడుతోందని నేనూ మురిసిపోయాను.

"అది అన్యాయమే" అన్నాను. "కానీ మాస్టారూ, గొట్టం దాచింది పంచాయతీ. పైవీధిలో ఉయ్యాల్లో పడుకున్న పిల్లలు దాచలేదు. మీ తగువు అధ్యక్షుడు శేషగిరిగారితో అయితే చక్రం వాళ్ళ మీదకి ఎందుకు తిప్పుతున్నారు?"

"ఒక్క శేషగిరిగారు భయపడితే ఏమవదండి. అందరూ భయపడాలి" అని ఆయన మాట ఆపేశారు.

లోవరాజు పరుగున వెళ్ళి పంచాయతీ అధ్యక్షుడు శేషగిరిగారిని తీసుకొచ్చాడు. ఆయన వస్తూనే కుర్చీలో కూలబడి, రెండుసార్లు ఆవలించి, "వాడు ఉగ్రవాది" అన్నారు. ఆ మాట పాత పుస్తకాల్లో తప్ప మా ఊళ్ళో ఎవరూ వాడి ఉండరు. "రత్నం, నువ్వు మైకులో ఏం మాట్లాడకు. పచ్చడి గురించి చెప్పు. ఈలోపల కిందవీధి తలుపు మనమే మూయిస్తాను. వాళ్ళలో ఇంకెంతమంది ఉన్నారో ఏమో."

"మూస్తే వాళ్ళకి గాలండీ?"

"కాసేపే కదా, ఓర్చుకుంటారు" అన్నారు.

అదే మాట మాస్టారూ అన్నారని నేను చెప్పాను. ఆయనకి నచ్చలేదు.

ఇక్కడ నా సంగతి కూడా రాయాలి. వాళ్ళిద్దరి న్యాయాలూ పక్కన పెట్టి, ముందు నా కూతురిని పైకి లాగేసుకుందామనుకున్నాను. ఊరికి తెలియని సంగతి నాకు తెలుసు, తల్లిని, తప్పేముంది అనిపించింది. ఇంటింటికీ మాట వెళ్ళే గొట్టంలో గంగని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. అల్లుడు పోలరాజు పలికాడు, వాడి గొంతూ మత్తుగానే ఉంది. "పడుకుందండీ అత్తయ్యా. లేపితే లెగట్లేదు. ఈమధ్య ఇంతేనండి" అన్నాడు.  నిండు చూలాలు పట్టపగలు లేపితే లేవట్లేదు. ఆ వీధి తలుపు ఎవరు మూసినా, భయం మూసినా, పంచాయతీ మూసినా, ముందు పోయేది నా బిడ్డ, దాని కడుపులో బిడ్డ.

శేషగిరిగారిని లేవమన్నాను. "తలుపు మీద చెయ్యి వేశారంటే మైకులో ముందు మీ పేరే చెప్తాను" అన్నాను. ఆయన లోవరాజు వైపు చూశారు. లోవరాజు ముళ్ళ వైపు చూశాడు.

అప్పుడు ఆలోచించాను. దాచితే పైవీధివాళ్ళని మోసం చేసినట్టు. చెప్తే భయం. కానీ నా అనుభవంలో భయం ఖాళీ చేతులవాళ్ళనే ముందు పట్టుకుంటుంది. పిండి కలిపేవాడికి, బిడ్డని ఎత్తుకున్నవాడికి భయపడే తీరిక తక్కువ. కాబట్టి ముందు పని చెప్పి, తర్వాత కబురు చెప్పాలి. నీళ్ళొస్తే పైవీధి క్షణం ఆగదు, కిందవీధిలో ఉన్న గాలి కాసేపైనా ఆగుతుంది, కాబట్టి అందరూ అక్కడికే. మైకు తెరిచాను.

"పైవీధివాళ్ళందరూ వినండి. వండుతున్నది దించెయ్యండి. పిల్లల్ని ఎత్తుకోండి, ముసలాళ్ళకి చెయ్యందించండి, చాపలు చంకన పెట్టుకోండి. అందరూ కిందవీధికి నడవండి. పరిగెత్తకండి. ఎందుకో మీరు నడుస్తూ ఉండగా చెప్తాను. పూర్తిగా చెప్తాను, ఒక్క ముక్క దాచను. కిందవీధివాళ్ళు లేవండి, చుట్టాలొస్తున్నారు, వాకిళ్ళు తియ్యండి. పోలరాజూ, గంగ మొహాన నీళ్ళు కొట్టి లేపు, ఎన్ని తిట్టినా సరే."

దాదాపు అందరూ ఇళ్ళ గడపలు దాటారని లోవరాజు సైగ చేశాక మొత్తం చెప్పాను. వలల గదిలో ఎవరున్నారో, ఏం అడుగుతున్నారో, ఏం చేస్తానంటున్నారో చెప్పాను. గొట్టం ఎక్కడ దాచారో చెప్పాను. కిందవీధి నిద్ర ఎలాంటి నిద్రో కూడా చెప్పాను. ముల్లు లేచింది. ఎరుపు పక్కకి వచ్చి వణికింది. లోవరాజు కుర్చీ ఎక్కి ఆవలిస్తున్నాడు, వాడి ఒక్కడి ఆవలింతతో ముల్లు దిగుతుందన్నట్టు. నేను మా గది కిటికీలోంచి వీధిని చూస్తూ మనిషి మనిషికీ పని చెప్తూ పోయాను. వెంకాయమ్మత్తా నీ చాప జారుతోంది చూసుకో. సన్యాసిరావన్నా ఆ మూలింటి ముసలమ్మని ఎవరూ తేలేదు, వెనక్కెళ్ళి ఎత్తుకురా. శేషగిరిగారూ మీరు కూడా నడవండి, దారిలో ఎవరి బిడ్డనైనా ఎత్తుకోండి.

ముల్లు ఎరుపు తాకలేదు. పైవీధి ఖాళీ అయింది.

తర్వాత జరిగింది లోవరాజు ముళ్ళలోనే చూశాను. ఊరంతా కిందవీధిలో కూర్చున్నాక ఆ వీధి ముల్లు కొంచెం కొంచెంగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇంత ప్రమాదంలో ముల్లు దిగడమేమిటని భయమేసింది. పోలరాజు మాటల గొట్టంలో సంగతి చెప్పాడు. "అత్తయ్యా, పైవీధోళ్ళందరూ తూలుతున్నారండి. శేషగిరిగారు ఉపన్యాసం మొదలెట్టి 'ధైర్యంగా ఉండండి' అంటూనే గోడకి ఆనుకుని గురక పెడతన్నారు. ఆయన చేతిలో పిల్లాడు కూడా పడుకున్నాడు." గంగ లేచిందా అంటే, లేచి శేషగిరిగారికి తలగడ పెట్టిందట.

అప్పుడు వలల గదికి మాట్లాడాను.

"మాస్టారూ, పైవీధి ఖాళీ. ఇప్పుడు చక్రం తిప్పితే మునిగేది మా ఇంట్లో గోంగూర జాడీ, నేనూ, లోవరాజూ. మా గదిలోంచి వెళ్ళిపోతే ఊరికి కబురు చెప్పేవాళ్ళుండరు, అందుకని ఉండిపోయాం. లోవరాజు తెలుసుగా, మీ దగ్గరే చదివాడు. కూడికల్లో తప్పులు చేసేవాడు."



"లోవరాజుని పంపెయ్యండి" అన్నారు మాస్టారు.

"పొమ్మంటే పోవట్లేదు."

 తర్వాత ఇనుము కిర్రుమన్న చప్పుడు. లోవరాజు నా చెయ్యి పట్టుకున్నాడు, నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ సమయంలో ఆవలింత రాలేదని ఒప్పుకోవాలి. ఆ చప్పుడు చక్రాన్ని వెనక్కి తిప్పుతున్నదని తర్వాత తెలిసింది. అంటే అప్పటికే సగం తిప్పి ఉంచారు.

గడియ తీసుకుని ఆయనే బయటికొచ్చి, మా మైకు గదికి నడిచారు. "జాడీ కూడా తీసుకెళ్ళి ఉండాల్సిందండి" అన్నారు నాతో. నేను చెంప పగలగొడదామనుకున్నాను. మంచినీళ్ళు ఇచ్చాను.

బుధవారం

పచ్చడి గురించి అడిగినవాళ్ళు లేరు. ఊరంతా ఒకటే చర్చ, వీధికో న్యాయం.

గొట్టం ఇప్పుడే ఇస్తే బెదిరింపుకి లొంగినట్టవుతుందని పైవీధి. ఇవ్వకపోతే చేసిన అన్యాయమే మళ్ళీ చేసినట్టని కిందవీధి. నిద్రలేచిన శేషగిరిగారు చాలా మారారు. కానీ పరువు పట్టింపు మారలేదు. "గొట్టం తప్పకుండా వేద్దాం. కాకపోతే కొన్నాళ్ళు ఆగి వేద్దాం. బెదిరించినందుకు వేశాం అనిపించుకోకూడదు" అన్నారు సభలో.

గంగ కడుపు పట్టుకుని లేచి నిలబడింది. "మీ పరువు కోసం మీరు ఆగినన్నాళ్ళూ మేం ఊపిరి ఆపుకోవాలాండి?" అంది. మధ్యాహ్నానికి సభాభవనం కొట్టు తెరిచారు.

లోవరాజుకి ఇంకా అనుమానమే. "అక్కా, ఇలాగైతే రేపు నేనూ చక్రం పట్టుకుని జీతం పెంచమంటాను" అన్నాడు.

"పట్టుకో. జీతం పెంచాల్సిందే అయితే పెంచుతాం. చక్రం పట్టుకున్నందుకు నీ చెయ్యి విరగ్గొడతాం. ఒకదానికి ఇంకోటి చెల్లు కాదురా" అన్నాను. వాడు కాసేపు లెక్క వేసుకుని, వద్దులే అన్నాడు.

శుక్రవారం

ఇవాళ మాస్టారి మీద తీర్పు. పైకి పంపెయ్యాలని కొందరు, అంటే ఎవరూ బతకని ఎండల నేల మీదకి. దండ వెయ్యాలని కొందరు. నేను మైకులో ఆయన్ని ఏమని పిలవాలన్న దాని మీద కూడా కొట్లాట. ఒక కాగితం మీద ఉగ్రవాది అని రాసిచ్చారు, ఇంకో కాగితం మీద వీరుడు అని రాసిచ్చారు. రెండూ చదవలేదు. సింహాద్రి మాస్టారు చక్రం సగం తిప్పారు, అంతకుముందు ఆయన అర్జీలు మనం పూర్తిగా చదవలేదు అని మాత్రం చెప్పాను. రెండువైపులవాళ్ళూ నన్ను తిట్టారు.

తప్పు జరిగితే ముందు ఎవరి ప్రాణం పోయేదో వాళ్ళే ప్రశ్న అడిగి శిక్ష చెప్పాలని మా ఆచారం. గంగని అడగమన్నారు. అది ఒక్క ప్రశ్నే వేసింది.

"మాస్టారూ, వీధి తలుపు పడితే లోపల నేనున్నానని మీకు తెలుసాండి?"

తెలియదంటారనుకున్నాను. అలా అంటే నాకు ఆయన్ని క్షమించడం తేలికయ్యేది.

"తెలుసమ్మా" అన్నారాయన. "కిందవీధి అనుకున్నాను, పైవీధి అనుకున్నాను, జనం అనుకున్నాను. నీ పేరు తలుచుకోలేదు. తలుచుకుంటే చెయ్యి ఆడేది కాదు. ఆ రోజు లోవరాజు పేరు చెప్పారు మీ అమ్మగారు. అంతే, ఆడలేదు."

గంగ కళ్ళు తుడుచుకుంది. దానికి కోపం తగ్గలేదు, నాకు తెలుసు. తగ్గకుండానే చెప్పింది.

"అయితే ఇకమీదట తలుచుకోండి. రోజూ పొద్దున్నే మైకులో ఊరి మొత్తానికి హాజరు వెయ్యండి. ఒక్కొక్క పేరూ పిలవాలి. పలికేదాకా ఆగాలి. మీ ఒంట్లో ఓపికున్నంతకాలం."

పైకి పంపాలన్నవాళ్ళకి ఇది తక్కువనిపించింది, దండ వేస్తామన్నవాళ్ళకి ఎక్కువనిపించింది. కాబట్టి అదే ఖాయమైంది.

ఆదివారం

మొదటి హాజరు. మాస్టారు స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చారు. ఇద్దరు కాపలావాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డారు. కిందవీధిలో గొట్టం నిన్నే బిగించారు. దాంతో పొద్దున్నే అక్కడ పిల్లల అల్లరికి ముల్లు పైకీ కిందకీ గెంతుతోంది. లోవరాజు తల పట్టుకున్నాడు.

ఆయన పేర్లు పిలవడం మొదలుపెట్టారు. జనం ఊరుకుంటారా. ఒకాయన పలక్కుండా బిగుసుకున్నాడు, మాస్టారు ఆగారు, చివరికి ఆయన పెళ్ళాం డొక్కలో పొడిస్తే పలికాడు. వెంకాయమ్మత్త "ఉన్నాను, ఇంకా పోలేదు, నీ దయ" అంది. శేషగిరిగారు "ప్రెజెంట్" అని, తర్వాత ఎందుకో "సార్" అని కూడా అన్నారు. పిల్లలు ఒకరి పేరుకి ఒకరు పలికి నవ్వారు. లోవరాజు నా పక్కనే కూర్చుని కూడా మైకులో వినపడేంత గట్టిగా పలికాడు. గంగ పేరు పిలిచి మాస్టారు కాగితం మీద వేలు కదపకుండా ఆగారు. అది కావాలని ఆలస్యంగా పలికింది. నిన్న సాయంత్రం పుట్టిన దాని కూతురికి ఇంకా పేరు పెట్టలేదు. "గంగగారి అమ్మాయి" అని పిలిచి ఆగారు. బిడ్డ ఏడుపు వీధి మొత్తం వినపడింది. నేను మైకులో మనవరాలి గొంతు వినడం అదే మొదలు, మైకు గదిలో కూర్చుని ఏడ్చేశాను.

అందరూ అయిపోయారు. ఆయన లేవబోయారు.

"ఇంకొక్కరున్నారు" అన్నాను. మైకు నా వైపు తిప్పుకుని, "సింహాద్రి" అని పిలిచాను.

ఊరు ఆగింది. ఆయన పలకలేదు. మళ్ళీ పిలవలేదు నేను, పలికేదాకా ఆగాలని కదా నియమం. ఆయన చేతులు రెండూ బల్ల మీద పెట్టి వాటి వైపే చూస్తూ కూర్చున్నారు. కిందవీధిలో ఎవరో ఆవలించబోతే ఇంకెవరో ఊరుకోమన్నారు.

చాలాసేపటికి, "ఉన్నానండి" అన్నారు.